ఎడమ ముందు చక్రం

కొండవాలు ఇల్లు,
తొలి వానలు.

స్పానరమ్మకు వదిన రాయునది,

ఉద్యోగంలో చేరానని ఒక కార్డు, బాగున్నానని ఒక కార్డు. నువ్వెళ్ళిన దగ్గర్నుంచి నాకందినవి ఇవే. రెండూ కలిపినా నా రవిక చేతి అంచుకు సరిపోయేంత రాత లేదు. ఫోను చేసుకుంటే ఇద్దరం "హలో" అని ఏడవడం తప్ప మాట్లాడుకుంటున్నదేమీ లేదు, ఉత్తరాలే నయం అన్నది నువ్వే. అన్నదానివి రాయొద్దూ?

సరే, నీ మీద అలక తర్వాత. ఇప్పుడు దొరగారి సంగతి. మీ అన్నయ్య ఆ బూడిద రంగు కారుకి ఆ పేరు ఊరికే పెట్టలేదు. చలికి లేవరు, వానకి దగ్గుతారు, బుద్ధి పుడితే కదులుతారు. మొన్న ఆసుపత్రికి పనికి వెళ్తూ మన వాలు దిగుతుంటే స్టీరింగు వెనక పసుపు దీపం ఒకటి వెలిగింది. మధ్యలో మూడు ఇంగ్లీషు అక్షరాలు, చుట్టూ గుండ్రంగా గీత. బ్రేకు తొక్కితే బండి ఆగింది గానీ దీపం ఆరలేదు. అక్కడ లాండ్రీలో దుప్పట్ల మూటలు లెక్క చూసుకుంటున్నానన్న మాటే గానీ, ధ్యాసంతా దాని మీదే.

సాయంత్రం మలుపులో ఉన్న మెకానిక్కు దగ్గరికి పోయాను. బానెట్ ఎత్తలేదు, కిందకి వంగలేదు. "బ్రేకు పెట్టె మొత్తం మార్చాలమ్మా" అన్నాడు. మీ అన్నయ్య ఉంటే వాణ్ణి ఆ పెట్టెలోనే పెట్టి మూతేసేవాడు.

ఇన్నేళ్ళు మెకానిక్కుతో కాపురం చేశాను. అన్నాచెల్లెళ్ళిద్దరూ షెడ్డులో గ్రీజులో మునిగి తేలుతుంటే నేను గుమ్మం దాకా టీ తెచ్చి వెనక్కి తిరిగేదాన్ని. "నీకెందుకే ఈ మసి" అనేవాడు నన్ను. నీకు మాత్రం మసి పూసి మరీ నేర్పాడు. ఒకరోజు గుండె పట్టుకుని ఆ షెడ్డులోనే కూలబడ్డాడు. తర్వాత స్థలం గలవాళ్ళు షెడ్డుకి తాళం వేసుకున్నారు. నువ్వేమో కుర్రాళ్ళకి మోటారు పాఠాలు చెప్పే ఉద్యోగమని ఎక్కడికో వెళ్ళి కూర్చున్నావు. ఇప్పుడు ఇంటికొస్తే నన్ను పలకరించేది ఈ దీపం ఒక్కటే.

నిన్ను రమ్మనడం లేదు. అనను కూడా. ఏం చెయ్యాలో కాగితం మీద చెప్పు, చాలు.

నీ వదిన


టైర్ల షాపు పైగది,
ఆదివారం.

వదినా,

ముందు కంగారు తగ్గించుకో. పసుపు దీపం వెలిగితే బ్రేకు పోయినట్టు కాదు. గట్టిగా తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోయి బండి జారకుండా చూసేది ఒకటుంది లోపల. చక్రాలు ఎంత జోరుగా తిరుగుతున్నాయో దానికి చెప్పడానికి సెన్సార్లుంటాయి. వాటిలో ఒకటి కబురు పంపడం మానేసిందనుకో, అది తన పని ఆపేసి దీపం వెలిగిస్తుంది. మామూలు బ్రేకు మామూలుగానే ఉంటుంది. తడిరోడ్డు మీద గట్టిగా తొక్కితే మాత్రం జారతావు, కాబట్టి నెమ్మదిగా పో, ముందు బండికి దూరంగా ఉండు. ఎర్ర దీపం వెలిగితే మాత్రం ఇంకేం ఆలోచించకు, ఆపేసి దిగిపో.

ఇంకో మాట. తాళం తిప్పగానే ఆ పసుపు దీపం రోజూ కాసేపు వెలిగి ఆరుతుంది. దానికి భయపడి మళ్ళీ ఉత్తరం రాసేవు. అది జబ్బు కాదు, నేను మేలుకునే ఉన్నానని చెప్పడం.

పెట్టె మార్చాలన్నవాడి గుమ్మం మళ్ళీ తొక్కకు. నొప్పెక్కడో బండే చెబుతుంది. డాష్‌బోర్డు అరలో, బీమా కాగితాల అడుగున, వంచిన తలపిన్ను ఒకటుంటుంది. అది నీదే. నన్నేమీ అనకు, తీసుకెళ్ళేది అన్నయ్య. బానెట్ ఎత్తితే ఎడమ పక్కన అగ్గిపెట్టెంత నల్ల మూత కనిపిస్తుంది. మూత తెరిస్తే బోలెడు బెజ్జాలు. తెల్ల రంగు చుక్క పెట్టినవి రెండు ఉంటాయి, ఆ రెంటినీ పిన్నుతో కలుపు. వేరేవాటి జోలికి పోకు. అప్పుడు లోపల కూర్చుని తాళం తిప్పు, ఇంజను స్టార్టు చెయ్యకు. దీపం కొట్టుకోవడం మొదలెడుతుంది. మూడుసార్లు కొట్టుకుని, కాస్త ఆగి, ఒకసారి కొట్టుకుందనుకో, ముప్పై ఒకటి. కింద పట్టీ రాశాను. ఇక్కడ మా క్లాసులో గోడకున్న పట్టీయే ఇది, అన్ని కంపెనీల బండ్లకీ ఇవే అంకెలుండవు గానీ దొరగారికి సరిపోతుంది.

31 కుడి ముందు చక్రం. 32 ఎడమ ముందు. 33 కుడి వెనక. 34 ఎడమ వెనక. 41 బ్యాటరీ నీరసం.

ఆ అంకె రోగం పేరు కాదు వదినా. ఎక్కడ నొప్పో చెబుతుంది, అంతే. కాలు నొప్పంటే కాలు తీసేస్తామా? వైరు తెగిందా, బురద పట్టిందా, సెన్సారే పోయిందా అన్నది మనం వంగి చూసుకోవాలి. మా కుర్రాళ్ళకి ఇది ఎక్కించేసరికి నా గొంతు పోతోంది. అంకె రాగానే కొత్త సామాను తెద్దామంటారు.

నేనిక్కడ బాగానే ఉన్నాను. తోటి మాస్టర్లు మంచివాళ్ళు. సాయంత్రాలు అందరం క్యాంటీన్లో చేరతాం, ఒకటే నవ్వులు. నా గురించి బెంగపెట్టుకోకు.

మరదలు


కొండవాలు ఇల్లు,
వాన తెరిపి.

స్పానరమ్మా,

దొంగ సచ్చినోళ్ళు, అన్నాచెల్లెళ్ళిద్దరూ! అని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఒకరు నిజంగానే పోయారు కదా.

ఇన్నేళ్ళుగా అద్దం ముందు పెట్టిన పిన్నులు ఏమవుతున్నాయా అని ఎలుకల్ని అన్నాను, నా మతిమరుపుని తిట్టుకున్నాను. మీ అన్నయ్యేమో ఎదురుగా కూర్చుని "ఏదీ, నేనూ వెతుకుతానుండు" అని మంచం కింద దూరేవాడు. ఎంత నటన! పిన్ను నువ్వు చెప్పిన చోటే దొరికింది. దానికి వెంట్రుక ఒకటి చుట్టుకుని ఉంది. నల్లది. నా తల నల్లగా ఉన్న రోజులది. సీట్లో కూర్చుని దాన్ని పట్టుకుని ఏడ్చాను. కాసేపటికి చెయ్యాల్సిన పని గుర్తొచ్చి లేచాను.

తెల్ల చుక్కలు ఇంకా ఉన్నాయి. పిన్ను గుచ్చాను. షాకు కొడుతుందేమోనని కాళ్ళకి రబ్బరు చెప్పులు కూడా వేసుకున్నాను, నవ్వకు. తాళం తిప్పాను. దీపం కొట్టుకుంది. మూడు. ఆగింది. రెండు. నేను బయటికే లెక్కపెట్టాను. పక్కింటి పెద్దాయన గోడ మీంచి తొంగి చూసి "కారుతో మాట్లాడుతున్నావేమ్మా" అన్నాడు. "అదే మాట్లాడుతోందండీ, నేను వింటున్నాను" అన్నాను. ఆయన మొహం చూడాల్సింది.

ముప్పై రెండు. ఎడమ ముందు చక్రం. కానీ అది చెప్పి ఊరుకోలేదే, మళ్ళీ చెప్పింది. మళ్ళీ మళ్ళీ అదే మాట. అర్థమైంది కదా, తీసెయ్యొచ్చు. తీయలేదు. చీకటి పడేదాకా అలాగే కూర్చుని విన్నాను. ఆ ఇంట్లోకి వెళ్తే ఏముంది చెప్పు, గోడగడియారం తప్ప.

ఇప్పుడేం చెయ్యాలి?

వదిన


టైర్ల షాపు పైగది,
ఆదివారం.

వదినా,

రబ్బరు చెప్పుల సంగతి క్లాసులో చెప్పాను. కుర్రాళ్ళు పడీ పడీ నవ్వారు. తర్వాత వాళ్ళలో ఒక్కడికీ నువ్వు చదివినంత శుభ్రంగా కోడ్ చదవడం రాలేదు. మెరుపులు లెక్కపెట్టమంటే చుక్కలు లెక్కపెట్టినట్టు తడబడతారు.

ఇలా చెయ్యి. బండిని సమంగా ఉన్న చోట పెట్టు, వాలు మీద వద్దు. హ్యాండ్‌బ్రేకు లాగు. జాకీ ఎత్తొద్దు, కిందకి దూరొద్దు. స్టీరింగు ఒక పక్కకి పూర్తిగా తిప్పితే ఎడమ ముందు చక్రం వెనకాల సందు దొరుకుతుంది. టార్చి వేసి చూడు. చక్రం లోపలి నుంచి సన్నటి నల్ల వైరు ఒకటి పైకి వస్తుంది. దాని పక్కనే లావుపాటి రబ్బరు పైపు ఉంటుంది, అది బ్రేకు ఆయిలు పైపు, దాన్ని లాగకు. వైరు ఎక్కడైనా ఊడి వేలాడుతోందా, జాయింటులో పచ్చగా చిలుము పట్టిందా చూడు. చిలుముంటే పాత పళ్ళ బ్రష్షుతో తోము. ఊడి ఉంటే తిరిగి వేలాడకుండా గట్టిగా కట్టెయ్.

అయ్యాక మళ్ళీ పిన్ను పెట్టి తాళం తిప్పి, బ్రేకు పెడలు ఎనిమిదిసార్లు టకటకా తొక్కు. పాత కోడ్ చెరిగిపోతుంది. అన్నయ్య దాన్ని "దొరగారికి దండాలు పెట్టడం" అనేవాడు, గుర్తుందా? నీకెలా గుర్తుంటుందిలే, నిన్ను గుమ్మం దాటనివ్వలేదుగా. వాడికి నువ్వు శుభ్రంగా ఉండటం ఇష్టం వదినా. ఇంటికెళ్తే గ్రీజు వాసన లేని మనిషొకరు ఉండాలిరా దేవుడా అనేవాడు. నీకెప్పుడూ చెప్పలేదనుకుంటాను.

ఏమైందో వెంటనే రాయి. పూర్తిగా రాయి.

మరదలు


కొండవాలు ఇల్లు,
ఎండ కాసిన రోజు.

స్పానరమ్మా, స్పానరమ్మా,

ఆరింది! దీపం ఆరింది!

వైరుని పట్టుకునే క్లిప్పు విరిగి, వైరు ఊడి వేలాడుతోంది. జాయింటు నిండా పచ్చటి చిలుము. మీ అన్నయ్య పళ్ళ బ్రష్షు ఇంకా పారెయ్యలేదు, దాంతోనే తోమాను. లాండ్రీలో మూటలు కట్టే తెల్ల నాడా ఉంటుంది చూడు, గుర్రం కట్టినా తెగదు, దాంతో వైరునీ ఆ లావు పైపునీ కలిపి బిగించి కట్టాను. నా ముడి సంగతి తెలుసుగా, నేనే విప్పలేను. తర్వాత దొరగారికి ఎనిమిది దండాలు పెట్టాను. తాళం తిప్పితే వెలిగింది, ఆరింది. వాలు దిగాను, ఎక్కాను, మళ్ళీ దిగాను. మలుపులో మెకానిక్కు కొట్టు ముందు కావాలని హారను కొట్టాను.

చేతులు మోచేతుల దాకా నల్లగా అయ్యాయి. వెంటనే కడుక్కోలేదు. ఆ వాసన ఇంట్లోకి వచ్చి ఎన్నాళ్ళయిందే.

రాత్రి వంటింట్లో కూర్చుని ఇది రాస్తుంటే దిగులేసింది. జబ్బు తగ్గిపోయింది కదా, ఇక నీకేం రాయను? లాండ్రీలో దుప్పట్లు తెల్లగా ఉతికామనా? నువ్వే ఏదైనా రాయి. క్యాంటీన్లో నవ్వులన్నావు, ఆ జోకులైనా రాయి.

వదిన


(కార్డు)

వదినా, దీపం ఆరినందుకు సంతోషం. ఇక్కడ పరీక్షలు. ఊపిరి సలపడం లేదు. మళ్ళీ రాస్తాను. మరదలు.


కొండవాలు ఇల్లు,
ముసురు.

స్పానరమ్మకు,

చెప్పడానికి మనసు రావట్లేదు గానీ దొరగారికి మళ్ళీ వచ్చింది. నిన్న పొద్దున్న వెలిగింది, ఆరలేదు. పిన్ను పెట్టి చూశాను. మూడు, ఆగి, నాలుగు. ముప్పై నాలుగు. నీ పట్టీ ప్రకారం ఎడమ వెనక చక్రం.

ఏం చెయ్యమంటావో వివరంగా రాయి. క్రితంసారి రాశావే, అలాగ. పరీక్షలయ్యాక రాసినా పర్లేదు. కానీ రాయి.

వదిన


టైర్ల షాపు పైగది.

వదినా,

దొరగారికి వెనక రెండు చక్రాలకీ కలిపి ఒకటే సెన్సారు. ఎడమ వెనక, కుడి వెనక అని విడివిడిగా చెప్పడం ఆ బండికి రాదు. నేను రాసిచ్చిన పట్టీ నాలుగు సెన్సార్ల బండిది, ముందు చక్రాల అంకెలు కలుస్తాయి గనక సరిపోతుందన్నాను. ముప్పై నాలుగు అనే అంకె ఆ దీపం చచ్చినా కొట్టదు. అది నా పట్టీలోంచి వచ్చింది, బండిలోంచి కాదు.

ఎందుకు చేశావో నాకనవసరం. బ్రేకుతో వేళాకోళమేంటి? బండి అబద్ధం చెప్పదనే కదా మా పనంతా నడిచేది. రేపు నిజంగా వెలిగిందని రాస్తే నేనెలా నమ్మను? ఈ ఉత్తరం చదివి బస్సెక్కేదాన్ని తెలుసా? సంచి కూడా సర్దాను. తర్వాత ఆ అంకె చూశాను.

ఇంకెప్పుడూ ఇలాంటి పని చెయ్యకు.

మరదలు


కొండవాలు ఇల్లు.

అమ్మాయ్,

అవును, కల్పించాను. అయితే ఏంటి?

జబ్బుంటే నాలుగు కాగితాలు, లేకపోతే కార్డు ముక్క. నేను బాగున్నానంటే నీకు రాయబుద్ధి కాదు. దొరగారు బాగాలేదంటే "వెంటనే రాయి, పూర్తిగా రాయి". ఆ ఇనపముక్కకున్న విలువ నాకు లేదా? ఇక్కడ పొద్దున లేచి ఒక కప్పు టీ పెట్టుకుంటాను, ఒక కప్పు కడుగుతాను. లాండ్రీలో మిషన్ల హోరులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఇంటికొస్తే మాట్లాడేవాళ్ళు లేరు. మీ అన్నయ్య పోయాక మనిద్దరం ఒకరికొకరం ఉంటాం అనుకున్నాను. పదకొండో రోజు కాగానే నువ్వు సంచి సర్దుకున్నావు. వాడి చెప్పులు చూస్తూ ఈ ఇంట్లో ఉండలేను వదినా అన్నావు. నేనుండలేదూ? ఆ చెప్పులు నేను చూడటం లేదూ?

నీకు స్నేహితులున్నారు, క్యాంటీనుంది, నవ్వులున్నాయి. సంతోషం. నా దీపాల గోల ఇక నీకు రాయను. ఒట్టు.

వదిన


టైర్ల షాపు పైగది,
ఆదివారం.

వదినా,

తప్పుగా రాశాను. కోపంలో రాశాను. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివితే నాలుగుసార్లూ నా మీద నాకే అసహ్యం వేసింది.

నువ్వేదైనా రాయి. దుప్పట్ల గురించి రాసినా చదువుతాను. పక్కింటి పెద్దాయన ఏమన్నాడో రాయి.

మరదలు


టైర్ల షాపు పైగది.

వదినా,

జవాబు రాలేదు. నా ఉత్తరం అందలేదేమో అని మళ్ళీ రాస్తున్నాను. ఊరికే ఒక కార్డు వెయ్యి. తిట్టి అయినా వెయ్యి.

మరదలు


కొండవాలు ఇల్లు,
చలికాలం.

మరదలికి,

ఉభయకుశలోపరి. నీ ఉత్తరాలు రెండూ అందాయి. పని ఒత్తిడి వల్ల జవాబు రాయడం ఆలస్యమైంది, ఏమీ అనుకోవద్దు.

ఇక్కడ అంతా సవ్యంగా ఉంది. ఆరోగ్యం బాగుంది. ఉద్యోగం బాగుంది. బండి కూడా బాగుంది. ఆ పసుపు దీపం గొడవ పూర్తిగా వదిలిపోయింది. ఇప్పుడు అసలు వెలగనే వెలగదు, తాళం తిప్పినప్పుడు కూడా. రోజూ ఆసుపత్రికి దాని మీదే వెళ్ళి వస్తున్నాను. కాబట్టి ఆ విషయంలో నీకు దిగులక్కర్లేదు.

ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
మీ వదిన


టైర్ల షాపు పైగది,
నీ ఉత్తరం అందిన పూట.

వదినా,

"మీ వదిన" అట. నీకు నేను "మీరు" ఎప్పట్నుంచి అయ్యాను?

నీ ఉత్తరం మెట్ల మీదే చింపి చదివాను. మొదట హమ్మయ్య అనుకున్నాను, బాగుందట కదా అని. రెండు మెట్లెక్కాక కాళ్ళు ఆగిపోయాయి. తాళం తిప్పినప్పుడు కూడా వెలగదా? వదినా, బాగున్న బండికి తాళం తిప్పగానే ఆ దీపం వెలిగి తీరాలి. వెలిగి ఆరితేనే బాగున్నట్టు. అసలు వెలగడం లేదంటే దీపం పోయిందో, ఎవరో పీకేశారో. దీపాన్ని పీకేది ఎప్పుడు? అది ఆరకుండా వెలుగుతుంటేనే కదా. అంటే దొరగారికి నిజంగానే జబ్బు తిరగబెట్టింది. నాకు చెప్పనని ఒట్టు పెట్టుకున్నావు గనక చెప్పలేదు. ఆ మలుపులోవాడి దగ్గరికి వెళ్ళుంటావు. వాడు బల్బు పీకి, అయిపోయిందమ్మా అనుంటాడు. అవునా?

వెంటనే కిందకి పరిగెత్తి టైర్ల షాపు ఫోను నుంచి మీ ఆసుపత్రికి చేశాను. ఎవరో ఎత్తారు. లాండ్రీ వదినకి బండి తియ్యొద్దని చెప్పండి, చెల్లెలు చెప్పిందనండి అన్నాను. ఆడపడుచు అనబోయి చెల్లెలు అన్నాను, తర్వాత దిద్దలేదు. చెబుతామన్నారు. చెప్పారో లేదో.

ఇంక దాచడమెందుకు, నేనూ రాసేస్తాను. క్యాంటీనూ లేదు, నవ్వులూ లేవు. క్లాసు అయ్యాక కుర్రాళ్ళు వెళ్ళిపోతారు, మాస్టర్లు వాళ్ళ వాళ్ళ ఇళ్ళకి పోతారు. ఆడమనిషి మోటారు పాఠం చెబుతోందని మొదట్లో వింతగా చూశారు, ఇప్పుడు చూడటం కూడా మానేశారు. ఆదివారం ఈ గదిలో నోరు తెరవాల్సిన అవసరమే రాదు. అందుకని వర్క్‌షాపు తాళం తీసుకుని వెళ్ళి, పాఠాల కోసం పెట్టిన కారులో కూర్చుంటాను. తాళం తిప్పుతాను. దీపాలన్నీ ఒక్కసారి వెలిగి, ఒక్కొక్కటే ఆరిపోతాయి. మళ్ళీ తిప్పుతాను. నీకు నాలుగు కాగితాలు రాసింది అక్కడే, ఆ సీట్లోనే. కార్డు ఎందుకు రాశానో తెలుసా? నీ దీపం ఆరిందనగానే, ఇక నాతో పనేముందిలే అనిపించింది. బ్రేకు గురించైతే ఎంతైనా రాయగలను. నా గురించి ఏం రాయాలో నాకు తెలియలేదు.

నువ్వు వెలిగినన్నాళ్ళూ నిన్ను కసిరాను. ఇప్పుడు నువ్వు "ఉభయకుశలోపరి" అని రాస్తే నాకు చేతులూ కాళ్ళూ ఆడటం లేదు.

ఇది పోస్టులో వెయ్యను. నాలుగు రోజులు పడుతుంది. నేనే తెస్తాను.

మరదలు


మన ఇల్లు, వంటింటి బల్ల,
మధ్యాహ్నం.

వదినా,

తాళంచెవి ఇంకా మీటరు పెట్టె వెనకే ఉంది. గేటు తీయగానే ముందు దొరగారిని చూశాను. వాకిట్లోనే ఉన్నారు. నువ్వు నడిచి వెళ్ళావని పక్కింటి పెద్దాయన చెప్పాడు. "నిన్న ఎవరో ఫోను చేశారట, అప్పట్నుంచి నడకేనమ్మా" అన్నాడు. సంచి గోడ పక్కన దించాను.

నీకోసం ఆగలేదు, పని మొదలెట్టాను. బల్బు పీకేశారు, నేననుకున్నట్టే. నేను తెచ్చిన కొత్తది పెట్టి పిన్ను గుచ్చితే పాపం అదే మాట చెప్పింది, మూడు, రెండు. చక్రం ఊడదీసి చూశాను.

ఈ మాట రాయకుండా ఉండలేను. నిన్ను గట్టిగా కట్టమన్నది నేను. స్టీరింగు అటూ ఇటూ తిరిగినప్పుడు వైరుకి కాస్త వదులుండాలని చెప్పనేలేదు. చూస్తే తెలిసిపోయేది గనక చెప్పాలని తోచలేదు, కానీ చూస్తున్నది నువ్వు, నేను కాదు. నువ్వు చక్రం ఒక పక్కకి తిప్పి ఉంచి బిగించావు. రెండో పక్కకి తిరిగిన ప్రతిసారీ నీ నాడా బ్రేకు పైపుని టైరు మీదకి లాగింది. వైరు రాగి తేలి తెగింది. పైపు రబ్బరు సగం అరిగి పగిలింది, వేలు పెడితే ఆయిలు తడి తగిలింది. ఇంకొక్కసారి ఆ వాలులో గట్టిగా తొక్కి ఉంటే, వదినా. స్పానరు రెండుసార్లు చేజారింది. కాగితం మీద వైద్యం ఇక చెయ్యను.

నీ ముడి విప్పలేకపోయాను. కత్తెరతో కోశాను.

కొత్త పైపు కోసం బజారుకి వెళ్తున్నాను. వైరు అతికి, వదులు చూసి కట్టాను, క్లిప్పు కూడా వేశాను. పైపు పడేదాకా బండి కదపకు. కానీ నువ్వు రాగానే ఒకసారి తాళం తిప్పి చూడు. వెలిగి, ఆరాలి.

తెస్తానన్న ఉత్తరం చక్కెర డబ్బా కింద ఉంది. నేను లేనప్పుడే చదువు.

అన్నయ్య చెప్పులు చూశాను. ఉండగలిగాను.

మరదలు


దొరగారి ముందు సీటు,
దీపాలు పెట్టే వేళ.

స్పానరమ్మా,

వచ్చాను, చదివాను. రెండూ చదివాను. ఫోను వచ్చిందని ఆఫీసు గుమాస్తా లాండ్రీకి వచ్చి చెప్పాడు. మిషన్ల హోరులో అరిచి మరీ చెప్పాడు, "మీ చెల్లెలు బండి తియ్యొద్దన్నారండీ" అని. నాకు చెల్లెళ్ళు లేరు కదా అనుకుంటూనే తాళాలు సంచిలో వేసుకున్నాను. దారంతా నడుస్తూ, అది నువ్వు కాక ఇంకెవరులే అనుకున్నాను.

తాళం తిప్పాను. వెలిగింది. ఆరింది. మళ్ళీ తిప్పాను. నీలాగే నాకూ పిచ్చి పట్టేట్టుంది.

బల్బు పీకించింది నేనే. వాడిని అడిగి మరీ పీకించాను. ఆ దీపం వెలుగుతుంటే నీకు రాయాలనిపించేది, రాయకూడదని ఒట్టు. ఇంకేం చెయ్యను? తిట్టాలనుకుంటే తిట్టు, కానీ ఎదురుగా నిలబడి తిట్టు.

టీకి రెండు కప్పులు తీసి పెట్టాను. నీ మంచం మీద లాండ్రీ దుప్పటి కాదు, మంచిది పరిచాను. ఇంకా రాలేదేమే? పైపు దొరక్కపోతే రేపు చూద్దాం, చీకట్లో పడి తిరగకు.

నేను రమ్మని ఎప్పుడూ అడగలేదు, అడగనని మొదటి ఉత్తరంలోనే రాశాను. ఉండమని ఇప్పుడైనా అడుగుదామని ఈ కాగితం తీశాను. కానీ వాకిట్లో నీ స్పానర్ల పెట్టె ఉంది. ఒక పైపు మార్చడానికి రెండు స్పానర్లు చాలని నాక్కూడా తెలుసు. నువ్వు మొత్తం పెట్టె మోసుకొచ్చావు, జాకీతో సహా, ఆ పాత గ్రీజు డబ్బాతో సహా. కోడ్ చదవడం నేర్పింది నువ్వేగా, చదివాను.

అయినా అడుగుతున్నాను. ఉండవే.

ఈ కాగితాన్ని మీ అన్నయ్య పిన్నుతో స్టీరింగుకి గుచ్చుతున్నాను. పిన్ను మాత్రం తిరిగి నాకివ్వాలి.

నీ వదిన